అన్నం తానే వండుకోవాలి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

మేధో వైకల్యం ఉన్నవారి స్వతంత్ర జీవనం గురించి గత సంచికలో రాసినప్పుడు, వారికి వంట కూడా నేర్పవచ్చునని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అడిగినవే. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వంటకే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యుపరమైన స్థితి) ఉంది. బట్టలు మడత పెడుతుంది, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంది, కొత్తిమీర గిల్లి పెడుతుంది. నేను వండుతుంటే పక్కన నిలబడి "నేను చేస్తాను" అంటుంది. ఆరు నెలలుగా అన్నం వండడం నేర్పుతున్నాను గానీ ఈ రోజు చెప్పింది రేపటికి గుర్తుండడం లేదు. మా అత్తగారు "బుద్ధిమాంద్యం ఉన్న పిల్లకు పొయ్యి దగ్గర పనేమిటి, మనం లేమా?" అంటారు. నాకూ మంట అంటే భయమే. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక తల్లి, ఏలూరు)

సమాధానం: అమ్మా, ముందుగా మీ అత్తగారు వాడిన మాట గురించి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ పాత పదాన్ని విడిచిపెట్టి "మేధో వైకల్యం" అన్న పేరును తీసుకుంది. సికింద్రాబాదు బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఇలాంటి వారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సైతం తన పేరును ఆ ప్రకారమే మార్చుకుంది. పెద్దావిడను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆమె పిల్ల క్షేమం కోరే అలా అంటున్నారు. అయితే "నేను చేస్తాను" అని మీ అమ్మాయి రోజూ అడుగుతున్నదంటే, ఆమె అడుగుతున్నది కొత్తిమీర గిల్లే పనిని కాదన్న సంగతి మీ ఉత్తరంలోనే తెలుస్తున్నది. మన ఇళ్లలో ఇలాంటి పిల్లలకు ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం వంటి పనులు అప్పగించి, నలభై ఏళ్లు వచ్చినా అక్కడే ఉంచేస్తాము. ఇది నేను వండాను అని చెప్పుకోగలిగిన వంటకం ఒక్కటైనా వారి చేతిలో ఉండదు.

మరచిపోవడానికి కారణం ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న చాలామందికి చెవితో విన్న మాటలను కాసేపు మనసులో నిలుపుకోవడం కష్టం. కంటితో చూసినది అంతకంటే బాగా నిలుస్తుంది. "బియ్యం కడిగి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, మూత పెట్టి, స్విచ్చి వెయ్యి" అని మీరు ఒక్క గుక్కలో చెప్పినప్పుడు, చివరి ముక్క చేరేసరికి మొదటిది జారిపోతుంది. వినికిడి, చూపు సమస్యలు కూడా వీరిలో ఎక్కువగా కనిపిస్తాయి గనుక, ఇటీవల పరీక్ష చేయించకపోతే ముందు ఆ పని చేయండి. గ్లాసు మీది గీత కనబడని మనిషికి ఎన్ని నెలలు నేర్పినా గీత వరకు నీళ్లు పోయడం రాదు.

ఇక అన్నం. మామూలు కరెంటు కుక్కర్‌తో మొదలుపెట్టమని నా సలహా. గిన్నెలో నీళ్లున్నంతసేపూ దాని అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరంతా ఇగిరిపోయి వేడి అంతకు మించగానే అడుగున ఉన్న అయస్కాంతం పట్టు వదిలి, మీట దానంతటదే పైకి లేస్తుంది. అంటే "ఉడికిందా లేదా" అని చూసే పని, "ఎప్పుడు ఆపాలి" అని గుర్తుంచుకునే పని మనిషి మీద ఉండవు. మంట ఉండదు, గంజి వార్చడం ఉండదు.

ఈ అన్నం వండే పనిని మీరు ఒకసారి కాగితం మీద విడదీసి రాయండి. నేను రాస్తే పదమూడు మెట్లు వచ్చాయి: బియ్యం కొలవడం, కడగడం, కడుగు వంచడం, కొలిచి నీళ్లు పోయడం, గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడవడం, గిన్నెను కుక్కర్‌లో దించడం, మూత పెట్టడం, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయడం, మీట నొక్కడం, మీట లేచాక పది నిమిషాలు ఆగడం, స్విచ్చి ఆపడం, ఆవిరి ముఖానికి తగలకుండా మూతను అవతలివైపుకు వంచి తీయడం, వడ్డించడం. ఒక్క అన్నంలో ఇన్ని పనులున్నాయని మనకు తోచదు, ఎందుకంటే మన చేతులు వాటిని కలిపి ఒక్క పనిగా చేసేస్తాయి. ప్రత్యేక విద్యలో వాడే ఒక పద్ధతి ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. మొదటి మెట్టు నుంచి కాక చివరి మెట్టు నుంచి నేర్పండి. మొదటి వారం పన్నెండు మెట్లు మీరు చేసి, వడ్డించడం మాత్రం ఆమెకు వదలండి. అది స్థిరపడ్డాక మూత తీయడం, వడ్డించడం రెండూ ఆమెవి. తరువాత స్విచ్చి ఆపడం నుంచి ఆమెవి. ఇలా వెనక్కి జరుగుతూ వెళితే ప్రతిరోజూ పని ఆమె చేతిలోనే పూర్తవుతుంది, వేడి అన్నం ఆమె గరిటెతోనే కంచాలలోకి వస్తుంది. మొదటి మెట్టు నుంచి నేర్పితే బియ్యం కొలిచాక ఆమె తప్పుకుని, మిగిలిన పన్నెండూ మీరు చేస్తారు. వంట ఎప్పుడూ మీదిగానే ముగుస్తుంది.

కొలతలకు అంకెలు రాకపోయినా ఫరవాలేదు. బియ్యంపైన మధ్యవేలు ఆనించి మొదటి కణుపు దాకా నీళ్లు పోయమని మన అమ్మమ్మలు నేర్పిన పద్ధతిలో లెక్కపెట్టవలసింది ఏమీ లేదు. ఆ ఉపాయం మీ అమ్మాయికి ఇప్పుడు పనికివస్తుంది. అది కుదరకపోతే, మీరు వాడే బియ్యానికి సరిపడే నీళ్లు పట్టే ఒక పెద్ద గ్లాసును నీళ్లకు, చిన్న గ్లాసును బియ్యానికి విడిగా కేటాయించి, రెండింటికీ వేర్వేరు రంగుల టేపు చుట్టండి. నిండా ఒకటి, నిండా ఒకటి, అంతే. ఉప్పు డబ్బాలో ఎప్పుడూ ఒకే చెంచా ఉంచండి. "రుచికి సరిపడా" అన్న మాట ఆమెకు ఏ సాయమూ చేయదు.

ప్రతి మెట్టుకూ ఒక ఫోటో తీయండి. మీ ఇంటి కుక్కర్‌ది, మీ ఇంటి గ్లాసులదే తీయాలి; వీలైతే ఫోటోలో పని చేస్తున్న చేయి ఆమెదే కావాలి. పేజీకి ఒక్క బొమ్మ, దాని కింద రెండు మూడు పదాలు. తడి తగిలినా పాడవకుండా లామినేషన్ చేయించి, రింగుకు గుచ్చి, వంటగట్టు మీద నిలబెట్టండి. ఒక పని అవగానే ఆమే పేజీ తిప్పాలి.

ఇక అన్నిటికంటే కష్టమైనది మీకే అప్పగిస్తున్నాను. పక్కన నిలబడి మాట్లాడకుండా ఉండండి. ఆమె ఆగిపోయినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే బొమ్మ వైపు చూపు సారించండి, తరువాత వేలితో చూపండి, తరువాతే మాట, ఆ పైనే చేయి పట్టి చేయించడం. మనం ముందే చెప్పేస్తుంటే ఆ పిల్లలు మెట్టు మెట్టుకూ మన ముఖం వైపు చూడడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటును వదిలించడం వంట నేర్పడం కంటే కష్టం. ఆరు నెలలలో ఆమె నేర్చుకోలేదని మీరనుకుంటున్నది బహుశా ఇదే కావచ్చు. ఇంట్లో ఎవరికైనా వీలైతే, మీరిద్దరూ పనిచేస్తుండగా ఒకసారి వీడియో తీయమనండి. మీ మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

ప్రశ్న: మా ఊళ్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. గ్యాస్ పొయ్యి తప్ప వేరే దారి లేదు. మా మేనల్లుడికి 28 ఏళ్లు, చదవడం రాయడం రాదు, చెప్పింది మెల్లగా చేస్తాడు. వాడికి గ్యాస్ నేర్పవచ్చునా? (మేనమామ, ప్రకాశం జిల్లా)

సమాధానం: నేర్పవచ్చు, కానీ వెలిగించడం కంటే ముందు ఆపడం నేర్పండి. పొయ్యి మీద ఏమీ పెట్టకుండా, రెగ్యులేటర్ మూసి ఉంచి, నాబ్ తిప్పడం, ఆపడం కొన్ని రోజులు సాధన చేయించండి. "ఆపి ఉన్నప్పుడు" నాబ్ ఎటు చూస్తుందో అక్కడ ఎర్ర స్టిక్కర్ అంటించండి. రెండు ఎర్ర గుర్తులు కలిస్తే పొయ్యి ఆగినట్టు. వంట మొదలు రెగ్యులేటర్ తెరవడం, వంట చివర మూయడం, ఈ రెండూ కూడా బొమ్మల వరుసలో తప్పక ఉండాలి. అగ్గిపుల్ల కంటే లైటరు మేలు, దానికంటే నాబ్ తిప్పితే వెలిగే పొయ్యి మేలు. ఒక్క పొయ్యి మాత్రమే వాడనివ్వండి. గిన్నె పిడి ఎప్పుడూ పక్కకు తిరిగి ఉండాలి, గట్టు అంచు దాటి ముందుకు రాకూడదు. వదులైన తువ్వాలు, నైలాన్ బట్టలు వద్దు.

వాసన సంగతి విడిగా నేర్పాలి. వంటగ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. కారడం తెలియడానికి దానికి వాసన కలుపుతారు. అది గాలి కంటే బరువైనది గనుక నేల మీద పరచుకుంటుంది. వాసన వస్తే ఏమి చేయాలన్నది ఒకే ఒక పనిగా ఉండాలి: ఏ స్విచ్చీ ముట్టుకోకుండా తలుపు తెరిచి బయటికి వచ్చి మనుషులను పిలవడం. రెగ్యులేటర్ కట్టడం, 1906 నంబరుకు ఫోన్ చేయడం పెద్దల పని. నెలకొకసారి దీన్ని ఇంటిల్లిపాదీ నటించి చూడండి, పండుగ ముందు ఇల్లు దులిపినంత క్రమంగా. చేయి కాలితే ఇంకు, పేస్టు, పసుపు పూయకుండా 20 నిమిషాల పాటు చల్లటి నీటి ధార కింద పెట్టాలన్నది కూడా అతనికి బొమ్మతో చూపాలి. కుళాయి లేకపోతే చెంబుతో మెల్లగా పోస్తూ ఉండాలి.

తాలింపు మాత్రం చివరికి వాయిదా వేయండి. కాగిన నూనెలో చిటపటలాడే ఆవాలకు భయపడి ఒకసారి చేయి వెనక్కి లాగిన మనిషి మళ్లీ పొయ్యి దగ్గరికి రావడానికి నెలలు పడుతుంది. మొదట్లో పప్పు అతను ఉడికించి, మెదిపి, ఉప్పు కలపాలి. తాలింపు మీరు పెట్టండి. తరువాత చల్లటి నూనెలోనే ఆవాలు వేసి, మూత పెట్టి, చిన్న మంట మీద వేడి చేసే పద్ధతి నేర్పవచ్చు. చప్పుడు ఆగాక పొయ్యి కట్టి మూత తీస్తే సరిపోతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి మేధో వైకల్యంతో పాటు మూర్ఛ కూడా ఉంది. మందులు వాడుతున్నా నెలకు ఒకటి రెండుసార్లు వస్తుంది. వంట అంటే ప్రాణం. డాక్టరు గారు పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వవద్దన్నారు. వాడు అలిగి అన్నం మానేశాడు. (అక్క, కరీంనగర్)

సమాధానం: డాక్టరు గారి మాట దాటవద్దు. కానీ ఆయన వద్దన్నది పొయ్యిని. వంటను మొత్తంగా వద్దన్నారా అని ఒకసారి స్పష్టంగా అడగండి. పొయ్యి లేని వంట మనకు కొత్త కాదు. మీరు అన్నం వండి చల్లార్చి ఇస్తే దద్ధోజనం అతని పని. నానబెట్టిన అటుకులలో పెరుగో, బెల్లం కొబ్బరో కలపడం, మొలకెత్తిన పెసలతో కోసంబరి, పెరుగు చిలికి మజ్జిగ చేయడం, పచ్చిపులుసు పిసకడం, ఇవన్నీ నేల మీద కూర్చుని చేయగలిగినవి. కూర్చుని చేయడం ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే మూర్ఛ వచ్చినా నిలువున పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. కత్తిపీట మాత్రం అతని దగ్గర ఉంచవద్దు. దాని అంచు ఎప్పుడూ పైకి తెరుచుకునే ఉంటుంది. తాడు లాగితే ముక్కలు చేసే మూత ఉన్న చాపర్ తెచ్చిపెట్టండి. గాజు గిన్నెలకు బదులు స్టీలువి వాడండి.

మూర్ఛ అదుపులోకి వచ్చి డాక్టరు ఒప్పుకున్నప్పుడు, తోడు మనిషి ఉండగా ఇండక్షన్ పొయ్యి ప్రయత్నించవచ్చు. మంట ఉండదు, గిన్నె తీస్తే వేడి చేయడం ఆగిపోతుంది. అయితే గిన్నె వేడికి పైపలక కూడా కాలుతుంది గనుక, ఆగిపోయింది కదా అని వెంటనే చేయి పెట్టకూడదని నేర్పాలి. వేడి గిన్నెను ఎత్తి మోయకుండా, గట్టు మీద పొయ్యి పక్కనే వడ్డన కంచం ఉంచి గరిటెతో తీసుకునేలా అమర్చండి.

మీ ఉత్తరం చివర, మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెడుతున్నామని రాశారు. దయచేసి మానేయండి. ఇనుముతో మూర్ఛ ఆగదు, చేతికి గాయమవుతుంది. నోట్లో నీళ్లు, చెంచా, గుడ్డ ఏవీ పెట్టకూడదు. చుట్టూ ఉన్న గిన్నెలు జరిపి, పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, సమయం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. అలిగి పస్తులుండడం, నిద్ర చెడడం మూర్ఛను రేపవచ్చు గనుక ఈ వారమే అతని చేతికి ఒక వంట అప్పగించండి.

ప్రశ్న: నేను ప్రత్యేక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. శనివారం వంట క్లాసు ఉంటుంది. మా పిల్లలు బడిలో ఉప్మా బాగా చేస్తారు. తల్లిదండ్రులు మాత్రం ఇంట్లో ఏమీ చేయడం లేదంటారు. (అనంతపురం)

సమాధానం: ఇంటి మూకుడు వేరు, పొయ్యి వేరు, రవ్వ డబ్బా ఉండే అర వేరు. మనకు అవన్నీ ఒకే ఉప్మా. మీ విద్యార్థులలో చాలామందికి బడిలో నేర్చిన ఉప్మా బడికే చెందినది. ఒక చోట నేర్చినదాన్ని మరో చోటికి తీసుకువెళ్లడం వారికి విడిగా నేర్పవలసిన పని. బడిలోని బొమ్మల కార్డు నకలును ఇంటికి పంపండి, గిన్నెల ఫోటోలు మాత్రం ఆ ఇంటివి ఉండాలి. వీలైతే మొదటి రెండుసార్లు మీలో ఒకరు వారింటికి వెళ్లి అక్కడ చేయించండి. ఇద్దరు ముగ్గురు తల్లులను శనివారం బడికి పిలవడం ఇంకా సులువు. బిడ్డ చేయగలడని ఆ తల్లి కళ్లారా చూసిన తరువాతే ఇంట్లో మూకుడు అతని చేతికి వస్తుంది.

మరొక మాట. మీరు పంపిన వంట కాగితంలో ఇలా ఉంది: "పోపు వేగాక ఉల్లిపాయ ముక్కలు దోరగా వేయించి, తగినన్ని నీళ్లు పోసి, తెర్లుతుండగా రవ్వను ఉండకట్టకుండా పోస్తూ కలియబెట్టాలి." మన పత్రికలన్నీ వంటలను ఇలాగే రాస్తాయి, నేనూ రాశాను. ఈ ఒక్క వాక్యంలో కనీసం ఆరు పనులున్నాయి. "దోరగా", "తగినన్ని", "తెర్లుతుండగా" అన్న మూడు మాటలకు కంటికి కనిపించే గుర్తు లేదు. దాన్ని ఇలా మార్చి చూడండి. "ఉల్లిపాయ ముక్కలు వెయ్యి. గరిటెతో కలుపు. ముక్కలు ఈ రంగుకు వచ్చాయా?" అని పక్కన ఫోటో. "నీలం గ్లాసుతో మూడు గ్లాసుల నీళ్లు పొయ్యి" అన్నచోట మూడు నీలం గ్లాసుల బొమ్మ. పోసిన ప్రతి గ్లాసుకూ ఒక బొమ్మ మీద బటన్ పెట్టాలి. పెద్ద బుడగలు కనిపించే ఫోటో చూపి, "ఇలా బుడగలు వచ్చాయా? పొయ్యి చిన్నది చెయ్యి." ఆ తరువాతే రవ్వ. వాక్యానికి ఒక పని, పనికి ఒక బొమ్మ. రవ్వను ముందే వేయించి పెట్టుకుంటే ఉండలు కట్టడమూ తగ్గుతుంది.

శనివారం ఏమి వండాలో ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా చూసుకోండి. నాలుగు వంటకాల ఫోటోలు పెట్టి వారినే ఎంచుకోనివ్వండి. ఉప్మా అంటే ఇష్టం లేని పిల్లవాడు ఇంటికి వెళ్లి ఉప్మా ఎందుకు చేస్తాడు?

ప్రశ్న: మా అబ్బాయి తిండి విషయంలో ఆగడు. వంట నేర్పితే రోజంతా తింటాడేమోనని భయం. (తల్లి, వరంగల్)

సమాధానం: ఆకలికి అంతే లేకుండా, దొంగిలించి అయినా తింటున్నాడంటే ముందు డాక్టరుకు చూపించండి. ప్రాడర్ విల్లీ సిండ్రోమ్ అనే జన్యుపరమైన స్థితిలో కడుపు నిండిన భావనే కలగదు. అటువంటి వారికి వంటింటి తలుపుకు తాళం కూడా అవసరం కావచ్చు, అక్కడ నా సలహా కంటే వైద్యుని సలహా ముఖ్యం. అది కాకపోతే, ఒక మనిషికి ఒక పూటకు సరిపడే పరిమాణాన్ని కొలిచి వండడం నేర్పండి. చేతికందే బిస్కట్ల డబ్బా కంటే కొలిచి వండుకున్న కూరా అన్నమూ మేలు.

ప్రశ్న: నాకు 70, మా అబ్బాయికి 41. నా భార్య పోయి ఏడాది అయింది. ఇద్దరికీ నేనే వండుతున్నాను. ఈ వయసులో వాడు నేర్చుకోగలడా? మగపిల్లవాడికి వంటేమిటని బంధువులు నవ్వుతున్నారు. (విశాఖపట్నం)

సమాధానం: అయ్యా, మీరు వండుతున్నారు కదా. రోజూ గరిటె పట్టే తండ్రి ఇంట్లో ఉండగా ఆ నవ్వులను పట్టించుకోకండి. 41 ఏళ్లకు నేర్చుకోగలరు. సమయం ఎక్కువ పట్టవచ్చు, అంతే. మేధో వైకల్యం ఉన్నవారు నేర్చుకోవడం ఏదో ఒక వయసులో ఆగిపోతుందన్నది నిజం కాదు.

వాళ్లమ్మ చేసే వంటలలో అతనికి ఏది ఇష్టమో అడగండి. చెప్పలేకపోతే మూడు నాలుగు వండి ముందు పెట్టి ఏది మళ్లీ వడ్డించుకుంటాడో గమనించండి. దానితోనే మొదలుపెట్టండి, అది చారైనా సరే. ఆవిడ వాడిన గిన్నె, గరిటె మార్చకండి. అతని కళ్లు వాటిని ఇన్నేళ్లుగా ఎరుగును. ఉదయం వద్దు, మీ ఇద్దరికీ తొందర లేని సాయంత్రం పూట, రోజూ ఒకే వేళకు చేయించండి. మొదటి నెల చారు కాచి దించేవరకు మీరు చేయండి. కొత్తిమీర వేసి, మూత పెట్టి, మీ కంచంలో పోసే పని అతనిది. ఆ నెల అయ్యాక నాకు రాయండి, తరువాతి మెట్టు చూద్దాం.